కోపంలో అన్న మాట

నా మీద ఇంతవరకు చాలామంది చాలా రకాలుగా ఫిర్యాదు చేశారు గానీ, ఒక కారు ఫిర్యాదు చేయడం అదే మొదటిసారి. అదీ తేనె పూసిన గొంతుతో. "మీరు కాస్త కోపంగా ఉన్నట్టున్నారు. ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని, నెమ్మదిగా వదలండి" అంది. పీల్చుకున్నాను, వదిలాను కూడా. ఊపిరితోపాటు బయటికొచ్చిన మాటలు మాత్రం ఇక్కడ రాయదగ్గవి కావు.

నాది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఒక గది, గోడ మీద రోడ్డు గుర్తుల పటం, రెండు కుర్చీలు, బయట ఒక పాత కారు. ఆ కారుకి బ్రేకూ క్లచ్చీ రెండు జతలు. ఒక జత నేర్చుకునేవాళ్ల కాళ్ల కింద, ఇంకో జత నా కాళ్ల కింద. మా ఆయన మెకానిక్కు, ఆ రెండో జత ఆయన బిగించిందే. నన్ను అందరూ హారన్ అక్క అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. నా గొంతు అలాంటిది మరి. ఇంట్లో నేనూ మా ఆయనా మాట్లాడుకుంటుంటే పక్కింటివాళ్లు టీవీ కట్టేసి వింటారు. అయినా ఒకరి మీద కోపంతో ఇంకొకరు అన్నం మానేసిన రోజు మాకు లేదు.

నేను నేర్పే పద్ధతి ఒక్కటే. స్టీరింగు ముందు కూర్చున్నవాళ్లు కంటికి కనబడిందల్లా నోటితో చెప్పాలి, అదీ గట్టిగా. "ఎడమ పక్క సైకిలు. ముందు బస్సు, బ్రేకు లైటు వెలిగింది. కుడి సందులోంచి వ్యాను వస్తోంది." ఇలా దారి పొడుగునా చెబుతూనే ఉండాలి. కొత్తవాళ్లకి కళ్లు తెరుచుకునే ఉంటాయి గానీ చూపు మాత్రం బానెట్ దాటి పోదు. నోరు తెరిపిస్తే చూపు దూరం పోతుంది. ఇక గట్టిగా ఎందుకంటే, నెమ్మదిగా చెప్పేవాళ్లు కాసేపటికి చెప్పడం మానేస్తారు, ఆ తర్వాత చూడటమూ మానేస్తారు. ఇన్నేళ్లలో నేను చూసింది ఇదే.

ఆ మధ్య నా దగ్గర నేర్చుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది, ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్లనీ తుంటి ఎముక విరిగినవాళ్లనీ మళ్లీ లేపి నడిపించే పని. అందుకని నేను ఫిజియో అనే పిలిచేదాన్ని. పెళ్లయ్యాక ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉండిపోయింది. తనకి పాఠాలు చెప్పిన పెద్దావిడ ఒక ఆసుపత్రిలో కొత్త విభాగం తెరిచి, రోగుల ఇళ్లకే వెళ్లి వైద్యం చేసే పని ఇస్తానంది. సొంతంగా కారు నడుపుకుంటూ తిరగాలన్నది ఒక్కటే షరతు. బరువులు, వాకర్లు, పరుపులు వెంటేసుకుని బస్సులెక్కి దిగడం అయ్యే పని కాదు కదా. ఇంట్లో కారుంది. మొగుడు ఫ్యాక్టరీ బస్సులో డ్యూటీకి పోతాడు కాబట్టి వారమంతా అది కవరు కప్పుకుని పడుకునే ఉంటుంది. ఇంకేం కావాలి?

మొదటిరోజు నోరు తెరవమంటే పెదాలు కదిలాయి గానీ మాట నా దాకా రాలేదు. "నాకు చెవుడు లేదు తల్లీ, నువ్వే లోపల్లోపల మాట్లాడుకుంటున్నావు" అన్నాను. సారీ అంది. అదీ వినబడలేదు. ఆ పిల్ల గొంతు పైకి లాగడానికి నేను పడ్డ పాట్లు క్లచ్చి నేర్పడానికి కూడా పడలేదు. చివరికి ఒకరోజు ఒక బస్సు సిగ్నలివ్వకుండా అడ్డం వచ్చేసరికి, "ఓయ్ బస్సూ! కళ్లు కనపడట్లేదా!" అని కారు అద్దాలదిరేలా అరిచింది. అరిచిన వెంటనే ఒక చెయ్యి తీసి నోరు మూసుకుంది. "చేతులు స్టీరింగు మీద!" అని నేను అంతకంటే గట్టిగా అరిచాను. తర్వాత ఇద్దరం పక్కకి ఆపి పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ రోజు నుంచి ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. పరీక్షాధికారి పక్కన కూర్చున్నా దారంతా చెబుతూనే నడిపి, మొదటిసారికే లైసెన్సు తెచ్చుకుంది.

లైసెన్సు వచ్చాక నేను కొన్నాళ్లు వాళ్ల సొంత కారులో పక్కన కూర్చుని తిప్పుతాను. అలవాటైన బండి వేరు, రేపటి నుంచి నడపాల్సిన బండి వేరు కాబట్టి. ఫిజియో వాళ్ల కారు సరికొత్తది. మెత్తటి సీట్లు, స్టీరింగు పైన ఒక చిన్న కెమెరా, మధ్యలో పలకంత తెర. తాళం తిప్పగానే ఆడగొంతు పలకరించింది. ఆ గొంతుకి నేను చిలకమ్మ అని పేరు పెట్టాను. చిలకమ్మ పని ఏమిటంటే, నడిపేవాళ్ల గొంతు విని, మొహం చూసి, మనసు ఎలా ఉందో తేల్చడం. ప్రశాంతంగా ఉంటే తెర అంచున పచ్చ గీత, కంగారుగా ఉంటే పసుపు, కోపమో భయమో అయితే ఎరుపు. ఎరుపు వస్తే చల్లగాలి పెంచి, వేణువు వినిపించి, ఊపిరి పాఠం మొదలుపెడుతుంది.

మొదటి మలుపు దగ్గరే "ఎడమ పక్క బైకు!" అని ఫిజియో అరిచింది. పసుపు. "బ్రేకు మీద కాలు పెట్టుకో!" అని నేనరిచాను. ఎరుపు. కోపంగా ఉన్నట్టున్నారంటూ చిలకమ్మ అందుకుంది ఇదిగో అప్పుడే. ఎవరరిచినా దానికి ఒకటే, లెక్క మాత్రం నడిపేవాళ్ల పేరు మీద రాసుకుంటుంది. సంగీతం ఆపడానికి నేను తెర మీద ఎక్కడ పడితే అక్కడ పొడిచాను. వేణువు ఆగి వీణ మొదలైంది.

ఇదంతా అప్పుడు నాకు నవ్వులాటగానే ఉంది. ఆ సాయంత్రం వాళ్లాయన ఫోన్ చేశాడు.

ఆయన ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ అధికారి. తయారైన సామాన్లలో లోపాలు వెతికి పక్కన పెట్టే ఉద్యోగం. గొంతు ఎంత మెత్తగా ఉందంటే ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకోవాల్సి వచ్చింది. నేను మనసులో శాంతమూర్తి అని పేరు పెట్టుకున్నాను.

"నమస్తే మేడమ్, డిస్టర్బ్ చేశానా? ఇవాళ్టి రిపోర్టు నా ఫోన్‌కి వచ్చింది. మార్కెట్ రోడ్డులో మా ఆవిడ బాగా ఎర్రగా ఉంది. అక్కడేం జరిగింది?"

"ఏం జరగలేదు సార్. బైకొచ్చింది, బ్రేకేసింది. అరిచింది నేను."

"లేదు మేడమ్, మొహం కూడా రికార్డవుతుంది కదా. తనకి ఎమోషనల్ కంట్రోల్ తక్కువ. నాకు తెలుసు. నేను ఉద్యోగం వద్దనట్లేదు. వారం రోజులు పచ్చగా చూపిస్తే కారు తీసుకెళ్లమన్నాను. తన భద్రత కోసమే కదా."

మీరు బైకుల్ని చూడమంటారా, గీతల్ని చూడమంటారా అని అడగబోయాను. "థాంక్యూ మేడమ్" అని మెత్తగా పెట్టేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అరిచేవాడితో అరవగలను, తిట్టేవాడిని తిట్టగలను. ఈయన నా చేతికి పట్టుకోవడానికి ఏమీ ఇవ్వలేదు.

చిలకమ్మ నోరు నొక్కే దారి ఉందేమోనని మర్నాడు మా ఆయన్ని తీసుకెళ్లాను. ఆయన తలంతా డాష్‌బోర్డు కిందికి దూర్చి, చాలాసేపటికి బయటికొచ్చాడు. "వైరు పీకెయ్యగలను. కానీ పీకినట్టు కూడా ఆయన ఫోనుకే చెప్తుంది" అన్నాడు. "మరి ఆ ఫోన్లోంచి కారు ఆపెయ్యగలడా?" అని అడిగాను. "లేదు. చూడ్డం వరకే" అన్నాడు మా ఆయన. ఫిజియో పక్కనే నిలబడి వింటోంది.

ఉద్యోగంలో చేరాల్సిన సోమవారం దగ్గర పడుతోంది. నాకు తోచిన ఉపాయం ఒకటే. "నోరు మూసుకుని నడుపు" అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. "నాలుగు రోజులు దాని కళ్లలో దుమ్ము కొడదాం. ఉద్యోగంలో చేరాక నీ ఇష్టమొచ్చినట్టు అరుచుకో." ఫిజియో తలూపింది. నేను కూడా నా నోటికి తాళం వేసుకుని, చూపించాల్సింది వేలితో చూపిస్తూ కూర్చున్నాను.

పచ్చ గీత వచ్చింది. మర్నాడూ పచ్చే. "మీ ప్రయాణం ప్రశాంతంగా సాగుతోంది" అని చిలకమ్మ మెచ్చుకుంది. శాంతమూర్తి నాకు ధన్యవాదాలు చెబుతూ మెసేజ్ పెట్టాడు, పువ్వు బొమ్మతో సహా. నేను గెలిచాననుకున్నాను.

ఆ మరుసటి రోజు ఆసుపత్రి వెనక రోడ్డులో వెళ్తున్నాం. ఒక ముసలాయన వాకరు పట్టుకుని, అడుగు తీసి అడుగేస్తూ రోడ్డు దాటుతున్నాడు. చాలా దూరం నుంచే కనబడుతున్నాడు. నేను వేలు చూపించాను. కారు వేగం తగ్గలేదు. ఆ పిల్ల వైపు చూస్తే కళ్లు తెర అంచున ఉన్న పచ్చ గీత మీద ఉన్నాయి. ఆ కారులో నాకు బ్రేకు లేదు. ఉన్నట్టే కాలు నేలకేసి తొక్కాను, హ్యాండ్ బ్రేకు పట్టి లాగాను. బండి కీచుమంటూ వాకరుకి మూరెడు దూరంలో ఆగింది.

ముసలాయన మా వైపు చూసి, మళ్లీ అడుగు తీసి అడుగేశాడు. వాకరు పట్టుకుని నడిచేవాళ్లని కనిపెట్టుకుని ఉండటమే వృత్తిగా ఉన్న పిల్ల ఆయన్ని చూడనే లేదు. చిలకమ్మకి కూడా ఏమీ తెలియలేదు. ఫిజియో కనీసం కెవ్వుమనలేదు కాబట్టి గీత పచ్చగానే ఉంది. నేను నోరు తెరిచి చిలకమ్మనీ, దాన్ని చేసినవాళ్లనీ, నా తెలివినీ కలిపి తిట్టాక గానీ ఎర్రబడలేదు.

పక్కకి ఆపించాను. ఆ పిల్ల బండి ఆగాక కూడా బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. గొంతులో మాత్రం వణుకు లేదు. "నేను బాగానే ఉన్నానక్కా" అంది. మంచినీళ్లు కావాలా అని అడిగినంత మామూలుగా అంది.

"నువ్వు బాగాలేవు. ఎందుకే అలా మాట్లాడతావు?"

"అలవాటైపోయిందక్కా. మా ఇంట్లో కోపంలో అన్న మాట చెల్లదు."

"అంటే?"

"నేను కొంచెం గొంతు పెంచితే చాలు, 'నువ్విప్పుడు కోపంలో ఉన్నావు, శాంతించాక మాట్లాడదాం' అని లేచి వెళ్లిపోతారు. తలుపు కూడా చప్పుడు కాకుండా వేస్తారు. శాంతించి వెళ్లి అడిగితే, 'ఇప్పుడు బాగానే ఉన్నావు కదా, మరి సమస్యేంటి?' అంటారు. ఏడిస్తే నీరసంగా ఉన్నావంటారు. ఉద్యోగం మానేసింది కూడా అలాగే. నేను మానెయ్యనని చెప్పిన రోజు కోపంగా చెప్పానట. అందుకని లెక్కలోకి రాలేదు." తెర వైపు ఒకసారి చూసి మళ్లీ అంది. "కొట్టరు, తిట్టరు. ఎవరికి చెప్పుకోను? ఇంతకుముందు ఆయన ఒక్కరే అనేవారు నాకు కోపమెక్కువని. ఇప్పుడు కారు కూడా అంటోంది. రాత్రి భోజనాలయ్యాక ఫోను ముందు పెట్టుకుని, ఇక్కడెందుకు పసుపు, ఇక్కడెందుకు ఎరుపు అని ఒక్కోటీ అడుగుతారు. చాలా ఓపిగ్గా అడుగుతారక్కా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంటలో సగం నా మీదే. ఆ పిల్ల నోరు తెరిపించింది నేను. ఆయనకి పనికొచ్చేలా మళ్లీ మూయించిందీ నేనే. "రేపటి నుంచి నోరు తెరిచి నడుపు. నేను చెప్పింది తప్పు" అన్నాను.

"ఎరుపొస్తే ఉద్యోగం పోతుందక్కా. పచ్చగా నడపడం నేర్చుకుంటాను. ఇంకాస్త జాగ్రత్తగా చూస్తాను" అంది, అదే గొంతుతో.

సోమవారం పొద్దున్న శాంతమూర్తి సెలవు పెట్టి మరీ తయారయ్యాడు. ముందురోజే నాకు ఫోన్ చేసి చెప్పాడు. "మీరు ముందు సీట్లో ఉండండి మేడమ్, తనకి ధైర్యంగా ఉంటుంది. నేను వెనక కూర్చుంటాను. వారం లెక్క పక్కన పెడదాం, ఆసుపత్రి దాకా పచ్చగా వెళ్తే నాకే అభ్యంతరమూ లేదు." ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. నాకు తలుపు తీసి పట్టుకున్నాడు కూడా. ఫిజియో కొత్త తెల్లకోటు మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది. సీటు సరిచేసుకుని, కోటు తీసి నా చేతికిచ్చి, తాళం తిప్పింది. శాంతమూర్తి వెనక సీటు మధ్యలో కూర్చుని ఫోను తెరిచాడు.

ఇంటి సందు దాటాం, కాలవ వంతెన దాటాం. పచ్చ. ఫిజియో మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి, మొహం మాత్రం ఫోటోకి కూర్చున్నట్టు ఉంది. "చాలా బాగుంది. అలాగే" అన్నాడు వెనక నుంచి. ఆయన ఆ మాట రోడ్డు చూసి అనలేదు, ఫోను చూసి అన్నాడు.

కొత్త కట్టడాలు లేస్తున్న రోడ్డులోకి తిరిగాం. ఇసుక గుట్టలు రోడ్డు మీదికే వచ్చి ఉన్నాయి. అక్కడ ఫిజియో కళ్లు ఒకసారి తెర అంచుకి వెళ్లడం చూశాను. నోరు తెరవబోయాను. అంతలోనే ఆ పిల్లే తెరిచింది.

"ముందు ఇసుక" అంది, గొణిగినట్టు. "కుడి పక్క లారీ. వెనక లైటు వెలిగింది. వెనక్కొస్తోంది." మాట మాటకీ గొంతు పెరిగింది. "దాని వెనక ఆడమనిషి, తల మీద తట్ట. ఆమెకి లారీ కనపడట్లేదు. ఆపుతున్నాను. ఆపుతున్నాను!" బ్రేకు వేసి, హారన్ మీద చెయ్యి పెట్టి నొక్కిపట్టింది. తట్ట మనిషి ఉలిక్కిపడి పక్కకి గెంతింది. లారీ ఆమె నిలబడ్డ చోటు మీదుగా వెనక్కి వచ్చి ఆగింది.

అంత మంచి బ్రేకు నేను నేర్పినవాళ్లలో ఇంకెవరూ వేయలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తెర ఎర్రగా వెలిగిపోతోంది. "మీరు ఆందోళనగా ఉన్నట్టున్నారు" అంటూ చిలకమ్మ వేణువు ఎత్తుకుంది.

"చూశావా" అన్నాడు శాంతమూర్తి. మందలింపు లేదు, వెటకారమూ లేదు. జాలిగా అన్నాడు.

"ఆ ఆడమనిషిని చూశారా సార్ మీరు?" అన్నాను వెనక్కి తిరిగి.

"చూశాను మేడమ్, అదే చెప్తున్నా. ఇలాంటివి రోజూ వస్తాయి. ప్రతిసారీ తను ఇలా అయిపోతే ఎలా?" ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఇవాళ్టికి చాలు. ఇంటికి తిప్పు. ఆసుపత్రివాళ్ల గురించి కంగారు పడకు. నిన్న నేనే ఆ పెద్దావిడతో మాట్లాడాను. నీకు ఇంకొంచెం టైమ్ కావాలని చెప్పాను. ఇవాళ రాకపోతే వేరేవాళ్లని పెట్టుకుంటామన్నారు. పర్లేదు, పెట్టుకోండన్నాను. నీ మీద ఆ ఒత్తిడి కూడా లేకుండా చేశాను."

ఆయన గొంతులో కాస్త గరుకు కూడా లేదు. పసిపిల్లకి జోల పాడినట్టుంది. ఆ మెత్తటి మాటలు విన్న చిలకమ్మ వేణువు తగ్గించింది. ఎరుపు పసుపుగా మారింది, పసుపు పచ్చగా మారింది. "ఇప్పుడు వాతావరణం ప్రశాంతంగా ఉంది. ఇలాగే కొనసాగించండి" అంది.

నాకు ఆ తెరని చెప్పుతో కొట్టాలనిపించింది. ఒక మనిషి బతుకుతెరువు గొంతు నులిమేసినా చప్పుడు కాలేదు కాబట్టి దానికి అంతా ప్రశాంతమే. నేను సీటు బెల్టు విప్పేశాను. ఏం చేద్దామని విప్పానో నాకే తెలీదు.

ఫిజియో అద్దంలో చూసింది. ఎడమ పక్క లైటు వేసింది. ఇసుక గుట్ట దాటించి, రోడ్డు పక్కన నీట్‌గా ఆపి, గేరు తీసి, బ్రేకు లాగింది. వెనక్కి తిరగలేదు. అద్దంలోంచే ఆయన్ని చూస్తూ అంది.

"నిన్న చెప్పారా?"

"నీ మంచికే."

"నిన్న చెప్పి, ఇవాళ నన్ను ఇక్కడిదాకా ఎందుకు నడిపించారు?"

"నీకే అర్థం కావాలని. నీ అంతట నువ్వే తెలుసుకుంటే బాధ ఉండదని."

"దిగండి" అంది.

అది గొణుగుడు కాదు, అరుపూ కాదు. నాకు స్పష్టంగా వినబడింది. చిలకమ్మకీ వినబడింది. కెమెరాకి మొహం కూడా కనబడి ఉంటుంది. "మీరు చాలా కోపంగా ఉన్నారు. దయచేసి వాహనాన్ని పక్కకు ఆపి, కాసేపు విశ్రాంతి తీసుకోండి."

"ఆపాను. ఆయన దిగితే బయల్దేరతాను" అంది ఫిజియో తెరతోనే.

"క్షమించండి, నాకు అర్థం కాలేదు" అంది చిలకమ్మ.

శాంతమూర్తి నిట్టూర్చాడు. ఎంతో ఓర్పున్నవాడి నిట్టూర్పు. "నువ్విప్పుడు కోపంలో ఉన్నావు. శాంతించాక మాట్లాడదాం" అని తలుపు తీసుకుని దిగాడు. చప్పుడు కాకుండా తలుపు వేశాడు. ఇంట్లో గది తలుపు కూడా ఇలాగే వేస్తాడన్నమాట. మా వైపు వీపు పెట్టి, రెండడుగులు అవతలికెళ్లి, జేబులోంచి ఫోను తీసి, పచ్చ రంగు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"నా ఫోన్లోంచి ఆవిడకి చెయ్యండక్కా. నేను దార్లో ఉన్నానని చెప్పండి. నేను వద్దనలేదని చెప్పండి" అంది ఫిజియో. ఆ గొంతు వణికింది. ఇన్నాళ్లలో నేను వినని వణుకు.

నేను ఫోను తీసేలోపే గేరు పడింది. అద్దం చూసింది, భుజం మీంచి వెనక్కి చూసింది. "వెనక ఖాళీ. పక్కన ఖాళీ. వెళ్తున్నాను" అంది. వెళ్లింది.

పెద్దావిడ వెంటనే ఫోనెత్తింది. నేను మొదటి ముక్క పూర్తి చేసేలోపే, "అదేంటి, వాళ్లాయన..." అంది. "వాళ్లాయన మాట వాళ్లాయనదండీ. ఆ అమ్మాయి మాట ఇదిగో, వినండి" అని ఫోను స్పీకర్లో పెట్టి పట్టుకున్నాను.

"మేడమ్, నేను వస్తున్నా. నా పోస్టు ఎవరికీ ఇవ్వకండి. ముందు సిగ్నల్, పసుపు పడింది, ఆపుతున్నా. నన్నడక్కుండా ఎవరేం చెప్పినా వినకండి మేడమ్. ఎడమ పక్క స్కూలు పిల్లలు!"

"ముందు చూసుకుని నడుపమ్మా. నేను గేటు దగ్గరుంటాను" అని ఆవిడ పెట్టేసింది. ఆ ఉద్యోగం ఇంకా ఆ పిల్ల చేతిలో ఉందో లేదో ఆ మాటలో తేలలేదు. గేటు దగ్గరుంటానని మాత్రం అంది.

పచ్చ సిగ్నల్ పడింది. ఫిజియో మళ్లీ మొదలుపెట్టింది. ఏడుస్తోంది, ఏడుస్తూనే చెబుతోంది. బైకులు, బస్సులు, గుంతలు, అడ్డంగా వచ్చే కుక్కలు, రోడ్డంతా ఆ నోట్లోంచి వస్తోంది. ఒక్కటి కూడా వదల్లేదు. కన్నీళ్లు తుడుచుకోవడానికైనా స్టీరింగు మీంచి చెయ్యి తియ్యలేదు. నేనే తెల్లకోటు కొసతో తుడిచాను. తెర ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఎర్రగా మండుతోంది. చిలకమ్మ ఊపిరి పీల్చుకోమని బతిమాలుతూనే ఉంది. మా ఇద్దరి గొంతుల కింద అది ఎవరికీ వినబడలేదు.

అప్పుడు నా ఫోను మోగింది. శాంతమూర్తి. రోడ్డు పక్కన నిలబడి ఆ ఎరుపంతా చూస్తూ ఉండుంటాడు.

"మేడమ్, తను ఎలా ఉంది?" అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా.

ఫిజియో ఒక పెద్ద ట్యాంకరుకి దారిచ్చి, దాని వెనక తగినంత దూరం వదిలి, మూడో గేరు వేసింది.

"కోపంగా ఉంది సార్" అన్నాను. "బాగా నడుపుతోంది."